రెండో కార్డు

దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. ఎంత చెయ్యి తిరిగిన మనిషైనా ఒక్కరే మడిస్తే ఎక్కడో ఒకచోట అంచు బయటికి తొంగిచూస్తుంది. ఆస్పత్రి లాండ్రీలో ఆ పని ఏడాదిన్నరగా తోడికోడళ్లిద్దరూ చేస్తున్నారు. ఈ కొసన పెద్దకోడలు, ఆ కొసన చిన్నకోడలు. చెరో రెండు మూలలు పట్టుకుని ఒక్క లాగు లాగి ముడతలు విదిలిస్తారు. రెండుగా కలుపుతారు, మళ్లీ లాగుతారు. తర్వాత ఎదురెదురుగా నడిచొస్తారు. చిన్నకోడలు తన చేతిలోని మూలలు పెద్దకోడలి చేతిలో పెట్టి, వంగి, కిందికి వేలాడే మడత అందుకుని పైకి లేస్తుంది. వంగేది ఎప్పుడూ చిన్నకోడలే. అలా అని ఎవరూ చెప్పలేదు, మొదటి రోజు నుంచీ అలా కుదిరిపోయింది.

హాజరు పుస్తకంలో ఇద్దరికీ మంచి పేర్లే ఉన్నాయి. కానీ సూపర్‌వైజరు దగ్గర్నుంచి మాసిన బట్టల బండి తోసే ఆయన దాకా అందరూ పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలుస్తారు. ఎవరికి కోడళ్లో పిలిచేవాళ్లలో సగం మందికి తెలియదు. చిన్నదానికి ఈ ఉద్యోగం చెప్పి ఇప్పించింది పెద్దదే. డ్రయ్యర్ తలుపు ఏ వైపు నిలబడి తీస్తే ఆవిరి మొహానికి కొట్టదో, రక్తం మరక మీద వేడినీళ్లు ఎందుకు పోయకూడదో దగ్గరుండి నేర్పింది. అందుకే ఇప్పుడు కడుపు అంత మండుతోంది.

సంగతి లినెన్ రూము కుర్చీ గురించి. ఉతికి మడిచిన బట్టలన్నీ ఆ రూముకు చేరతాయి. కిటికీలాంటి కౌంటరు వెనక కూర్చుని, నర్సులు తెచ్చిన స్లిప్పు చూసి దుప్పట్లూ తువ్వాళ్లూ ఇచ్చే పని. అక్కడున్నాయన నెలాఖరుకి రిటైరవుతున్నాడు. పద్నాలుగేళ్లు సిమెంటు నేల మీద నిలబడి నిలబడి పెద్దకోడలి మోకాళ్లు మెట్లు చూస్తే చాలు మొరాయిస్తున్నాయి. "ఆ కుర్చీ నీదే, ఇంకెవరికిస్తారు" అని ఏడాదిగా అందరూ అంటున్నారు. అందరూ అనేసరికి ఆమె కూడా నమ్మింది. కుర్చీలో వేసుకోవడానికి ఒక దిండు కూడా కుట్టి పెట్టుకుంది.

తీరా చూస్తే సూపరింటెండెంటుగారు కొత్త మెలిక పెట్టారు. కొత్త బ్లాకులోకి వచ్చిన నర్సులకు ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రాదు. వాళ్లకి ఏది ఇవ్వొచ్చో, ఏది కూడదో చెప్పగలిగే మనిషి కావాలి. పది రోజులు క్లాసు, పదకొండో రోజు పరీక్ష. పేరు ఎవరైనా ఇచ్చుకోవచ్చు. పెద్దకోడలు ఇచ్చింది. ఆమె వెనకే, నవ్వుతూ, చిన్నకోడలూ ఇచ్చింది.

"నువ్వెందుకే?" అంది పెద్దకోడలు.

"ఊరికే అక్కా. నీకు తోడుగా ఉంటుందని," అంది చిన్నది.

తోడు. ఆ మాట పెద్దకోడలికి ఆ రోజు నుంచీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

క్లాసు డ్యూటీకి గంట ముందు, ఇస్త్రీ గదిలో. టీచరమ్మ బడి నుంచి రిటైరైన మనిషి. తెల్లజుట్టు, చేతిలో సుద్దముక్క, బోర్డు లేదు కాబట్టి ఇనుప బీరువా తలుపే బోర్డు. తలుపు మీద మూడు గళ్లు గీసి, "మే అంటే చెయ్యొచ్చు. మస్ట్ అంటే చేసి తీరాలి. మస్ట్ నాట్ అంటే చెయ్యనే కూడదు. లోకంలో పనులన్నీ ఈ మూడు గళ్లలోనే పడతాయి," అంది.

ఏడో రోజున ఒక్కొక్కరినీ నిలబెట్టి చెప్పించింది. పెద్దకోడలు లేచి, ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుని, "యూ మస్ట్ బ్రింగ్ ది స్లిప్" అంది. గది గోడలు వినేలా అంది. టీచరమ్మ తల ఊపింది.

"బాగుంది. ఇప్పుడు నర్సు మీరైతే, దుప్పటి కావాలని అడగండి."

పెద్దకోడలు నోరు తెరిచింది. "మే" దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టి, "యూ మస్ట్ గివ్ షీట్" అనేసింది. అందరూ నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వి, "అమ్మా, మీకు ఆర్డరు వెయ్యడం ఒక్కరోజులో వచ్చేసింది. అడగడమే ఇంకా రాలేదు," అంది.

ఆ నవ్వు ఆరకముందే చిన్నకోడలు లేచింది. రెండు చేతులూ ముందుకు చాచి, అప్పుడే వార్డు నుంచి పరిగెత్తుకొచ్చిన నర్సులా కాస్త ఆయాసపడుతూ, "మే ఐ హావ్ టూ షీట్స్, ప్లీజ్?" అంది. టీచరమ్మ సుద్దముక్క బీరువా మీద పెట్టి చప్పట్లు కొట్టింది.

"వెరీ గుడ్. విన్నారా, అలా అడగాలి."

అది ఆ వారంలో చిన్నకోడలికి వచ్చిన పన్నెండో వెరీ గుడ్. పెద్దకోడలు లెక్క పెడుతోంది. తనకి వచ్చినవి రెండు, అందులో ఒకటి ఫ్యాను స్విచ్చి వేసినందుకు.

ఆ రోజు మడత బల్ల దగ్గర పెద్దకోడలు దుప్పటిని ఎంత గట్టిగా లాగిందంటే, అవతలి మూలలు చిన్నదాని చేతుల్లోంచి జారి నేల మీద పడ్డాయి. నేల మీద పడిన దుప్పటి మళ్లీ ఉతుక్కి వెళ్లాల్సిందే.

"అక్కా, దుప్పటి చిరిగితే మస్ట్ నాట్ గడిలో పడతాం," అని చిన్నది నవ్వింది.

"పని చూడు," అంది పెద్దది.

ఏకు మేకై కూర్చోవడమంటే ఇదే అనుకుంది. తన దగ్గర ఓనమాలు దిద్దిన మనిషి, తన కుర్చీకే ఎసరు పెడుతోంది. దానికేం మోకాళ్ల నొప్పులా? ముప్పై దాటలేదు. పరిగెత్తగలదు, వంగగలదు, నవ్వగలదు. పైగా ఆ నవ్వు చూసి వార్డు బాయ్‌లు కూడా బండి ఆపి రెండు మాటలు చెప్పి పోతారు. తన దగ్గర ఎవరాగారు?

ఇంట్లోనూ అదే గోల. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చిన్నకోడలు, "మే ఐ కమ్ ఇన్, అక్కా?" అని దీర్ఘం తీసింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. కూరగాయలు తరుగుతున్న అత్తగారు కత్తిపీట మీంచి తలెత్తింది.

"ఆ ఇంగ్లీషు వస్తే గిన్నెలు వాటంతటవే కడుక్కుంటాయా?" అంది.

"నేనే కడుగుతాను అత్తయ్యా. మస్ట్ గడిలో ఉంది అది," అంది చిన్నది.

అత్తగారికి కూడా నవ్వొచ్చింది. పద్నాలుగేళ్లలో తన మాటకి అత్తగారు నవ్వడం పెద్దకోడలికి గుర్తులేదు. పొయ్యి మీద గిన్నెని అవసరం లేకపోయినా అటూ ఇటూ జరిపింది.

తొమ్మిదో రోజున క్లాసు సగంలో సూపర్‌వైజరు వచ్చి డ్రయ్యర్ ఆగిపోయిందని చిన్నకోడల్ని పిలుచుకుపోయాడు. చివర్లో టీచరమ్మ పేరు ఇచ్చిన ఆరుగురికీ కార్డులు పంచింది. ఒక్కో కార్డులో పది వాక్యాలు, తెలుగు అక్షరాల్లో, ముత్యాల్లాంటి చేతిరాత. ఏ కార్డుకి ఆ కార్డు వేరు. ఒకరిది చూసి ఒకరు బట్టీ పట్టకుండా అలా రాసింది. క్లాసులో చెప్పని కొత్త వాక్యాలే అన్నీ.

"రేపు నేను రాను. ఎల్లుండి పరీక్షలో ఇవే అడుగుతాం," అని చెప్పి, పెద్దకోడలి చేతిలో రెండు కార్డులు పెట్టింది. "తెల్లది మీది. పచ్చది మీ చెల్లికివ్వండి. ఒకే ఇంట్లో ఉంటారుగా."

"ఇస్తానమ్మా," అంది పెద్దకోడలు.

ఇద్దామనే అనుకుంది. సంచిలో టిఫిన్ బాక్సు కింద రెండూ జాగ్రత్తగా పెట్టింది. మడత బల్ల దగ్గరికి వచ్చి నాలుగు దుప్పట్లు మడిచాక చిన్నకోడలు అడిగింది.

"అక్కా, ఇవాళ కార్డులిస్తానందిగా టీచరమ్మ. ఇచ్చిందా?"

"నాది నాకిచ్చింది. నీది నీ చేతికే ఇస్తుందట."

ఆ అబద్ధం ఆమె అనుకునేలోపే నోట్లోంచి బయటికొచ్చింది. వచ్చాక ఇక లోపలికి పోదు. చిన్నకోడలు "సరేలే" అని మూలలు ఆమె చేతిలో పెట్టి, వంగి మడత అందుకుంది. పెద్దకోడలి చేతులు తేలు కుట్టిన దొంగలా చప్పుడు లేకుండా పని చేసుకుపోయాయి.

ఇంటికి రాగానే మోకాళ్లు సలపడం మొదలెట్టాయి. సంచి ఎప్పట్లాగే వంటింటి గోడకి ఆనించి, వేడినీళ్ల సంచి పెట్టుకుని కాసేపు నడుం వాల్చింది. లేచి చూసేసరికి ఎండ ఇంకా ఉంది. టిఫిన్ బాక్సులు రెండూ కడిగి గట్టు మీద బోర్లించి ఉన్నాయి. ఆమె సంచి తీసుకుని డాబా మీదికి వెళ్లింది. ఆరేసిన బట్టల చాటున కూర్చుని ముందు తెల్లకార్డు చదివింది. తర్వాత పచ్చకార్డు చదివింది. పచ్చదాంట్లో తొమ్మిదో వాక్యం నోరు తిరగలేదు. ది ఇన్‌చార్జ్ మస్ట్ నాట్ లీవ్ ది కౌంటర్. ఇన్‌చార్జి కౌంటరు వదిలి వెళ్లకూడదు అని కింద తెలుగులో అర్థం రాసి ఉంది. ఇరవైసార్లు అంటే గానీ అది నాలిక మీద నిలబడలేదు.

కిందికి దిగేసరికి చిన్నకోడలు గడప మీద కూర్చుని ఉంది. కూనిరాగం లేదు, ఇంగ్లీషు లేదు.

"ఏమైంది?" అంది పెద్దకోడలు.

"తలనొప్పి అక్కా."

తలనొప్పే మంచిదనుకుంది పెద్దకోడలు. అనుకున్నందుకు కాస్త సిగ్గేసింది. కాస్తే.

మర్నాడంతా చిన్నకోడలు కార్డు ఊసెత్తలేదు. బల్ల దగ్గర మూలలు అప్పగిస్తూ రెండు మూడుసార్లు మొహంలోకి చూసింది. ఏదైనా అంటుందేమోనని పెద్దకోడలు కళ్లు దుప్పటి అంచుకు అతికించుకుంది.

పరీక్ష సూపరింటెండెంటు గదిలో. తలుపు మూసి ఒక్కొక్కరినే పిలిచారు. చిన్నకోడలు ముందు వెళ్లింది. పెద్దకోడలు తలుపు పక్క బెంచీ మీద కూర్చుంది. మాటలు అంతగా వినపడలేదు గానీ టీచరమ్మ గొంతు ఒక్కసారి పైకి లేచింది.

"కార్డేదమ్మా?"

"పోగొట్టుకున్నానండీ," అంది చిన్నకోడలు.

బెంచీ మీద పెద్దకోడలికి ఊపిరి తిరిగొచ్చింది. నాకు ఇవ్వలేదు అని ఉంటే ఏమయ్యేది? పిచ్చిది, పరువు పోతుందని అలా అని ఉంటుంది, టీచరమ్మే మరిచిపోయిందని చెప్పడానికి మొహమాటపడి ఉంటుంది, అని సర్దిచెప్పుకుంది. చిన్నకోడలు అయిదు నిమిషాల్లో బయటికొచ్చి మడత బల్ల వైపు వెళ్లిపోయింది.

పెద్దకోడలు లోపల అదరగొట్టింది. తెల్లకార్డులో పదికి పదీ చెప్పింది. సూపరింటెండెంటుగారు మెచ్చుకుంటూ టీచరమ్మ ముందున్న కాగితాల్లోంచి ఇంకో ప్రశ్న చూసి, ఇన్‌చార్జి ఏం చెయ్యకూడదని అడిగారు. పెద్దకోడలు ఆగలేదు.

"ది ఇన్‌చార్జ్ మస్ట్ నాట్ లీవ్ ది కౌంటర్."

టీచరమ్మ కళ్లజోడు సవరించుకుంది. "ఇది మీ కార్డులో లేదే," అంది.

"విని నేర్చుకున్నానండీ."

టీచరమ్మ కాసేపు ఆమె చేతుల వైపు చూసింది. ఆవిరికి వడలి, సబ్బుకి పగిలిన చేతులు. తర్వాత కాగితం మీద ఏదో రాసుకుని, "గుడ్," అంది. వెరీ అనలేదు.

సాయంత్రానికి ఆర్డరొచ్చింది. సోమవారం నుంచి పెద్దకోడలు కుర్చీలో కూర్చుంది. దిండు సరిగ్గా సరిపోయింది. మోకాళ్లు మొదటి రోజే సగం బాగయ్యాయి. మడత బల్ల దగ్గర ఆమె చోటులోకి చిరుగులు కుట్టే ఆవిణ్ణి మార్చారు. ఆవిడకి చూపు తగ్గి సూదిలో దారం ఎక్కడం లేదు. కౌంటరు లోంచి చూస్తే బల్ల ఎదురుగా కనిపిస్తుంది. చిన్నకోడలు ఆ కొసన, కుట్టుపనావిడ ఈ కొసన.

మొదటి రోజు పదింటికి చిన్నకోడలు మడిచిన దుప్పట్ల బొత్తి తెచ్చి కౌంటరు ముందు ఆగింది. ఇదివరకైతే కాలితో తలుపు తోసి లోపలికొచ్చేది.

"మే ఐ కమ్ ఇన్, మేడమ్?" అంది.

పెద్దకోడలు నవ్వింది. పరాచికమనుకుంది. "రావే, వేషాలు," అంది.

చిన్నకోడలు నవ్వలేదు. లోపలికొచ్చి, బొత్తి అరలో పెట్టి, లెక్క పుస్తకంలో సంతకం కోసం చేతులు కట్టుకుని నిలబడింది.

"వెళ్లొచ్చాండీ?" అంది.

ఏడాదిన్నరగా "నువ్వు" అని పిలిచిన నోరు అది. పక్కన వార్డు నర్సు ఉంది కాబట్టి మర్యాద చేసిందేమో అనుకుంది పెద్దకోడలు. కానీ సాయంత్రం ఇంట్లో నర్సులెవరూ లేరు.

"ఈ పొయ్యి మీద పాలు పెట్టుకోవచ్చాండీ?"

"మీ దువ్వెన ఒకసారి తీసుకోవచ్చాండీ?"

"పిల్లలకి ముందు వడ్డించవచ్చాండీ?"

ఇదివరకు చిన్నకోడలు ఆ ఇంట్లో ఏదీ అడిగి తీసుకోలేదు. పెద్దకోడలి డబ్బాలోంచి చింతపండు తీసుకునేది, ఆమె దువ్వెనతోనే తల దువ్వుకునేది, ఆమె మంచం మీదే అడ్డంగా పడుకుని కబుర్లు చెప్పేది. అప్పుడు పెద్దకోడలు విసుక్కునేది. ఇప్పుడు విసుక్కోవడానికి ఏమీ మిగల్లేదు. అన్నీ అడుగుతోంది, మెత్తగా, తల వంచుకుని. అత్తగారు మురిసిపోయింది.

"చూశావా, నాలుగు ముక్కలు నేర్చుకున్నాక చిన్నదానికి ఎంత మర్యాద వచ్చిందో," అంది.

పెద్దకోడలు కంచం పక్కకి జరిపి లేచింది.

మూడో రోజు మధ్యాహ్నం నర్సులు పలచబడ్డారు. కౌంటరు లోంచి చూస్తూ కూర్చుంది. బల్ల దగ్గర ఇద్దరూ దుప్పటి లాగి విదిలించారు. ఎదురెదురుగా నడిచొచ్చారు. చిన్నకోడలు మూలలు ఆవిడ చేతిలో పెట్టి వంగింది. లేచింది. ఇంకో దుప్పటి. మళ్లీ వంగింది. దూరం నుంచి చూస్తే గానీ పెద్దకోడలికి తెలియలేదు, రోజుకి అన్ని వందలసార్లు ఆ మనిషి వంగుతుందని. ఏడాదిన్నరలో తన మోకాళ్లకి ఒక్కసారి కూడా వంగే పని పడలేదు. మందులు, వేడినీళ్ల సంచి ఇంత కాలం నిలబెట్టాయనుకుంది. నిలబెట్టింది అవి కావు.

కుట్టుపనావిడ ఏదో అంది. చిన్నకోడలు నవ్వింది. తలుపు తన్ని లోపలికొచ్చే నవ్వు, పొయ్యి దగ్గర అత్తగారిని నవ్వించిన నవ్వు. పెద్దకోడలికి కడుపు మండింది. ఆ మంట ఆమెకి కొత్త కాదు, కాకపోతే ఈసారి మంట చిన్నదాని మీద కాదు. చూపు ఆనని ఆ ముసలావిడ మీద, ఆవిడ చేతిలోకి వచ్చి చేరుతున్న ఆ రెండు మూలల మీద.

లేచింది. కౌంటరు తలుపు దగ్గరికి వేసి, నడిచి వెళ్లి బల్ల పక్కన నిలబడింది.

"ఆవిడ అలిసిపోయినట్టుంది. ఈ కొస నేను పట్టుకుంటాలే కాసేపు," అంది. చేతులు చాచింది.

చిన్నకోడలు దుప్పటి దించలేదు. గొంతు పెంచలేదు.

"ది ఇన్‌చార్జ్ మస్ట్ నాట్ లీవ్ ది కౌంటర్, మేడమ్," అంది.

ఒక్క అక్షరం పొల్లు పోకుండా అంది. పెద్దకోడలు చాచిన చేతులు అలాగే ఉన్నాయి. ఆ వాక్యం క్లాసులో ఎవరూ చెప్పలేదు. గోడ మీద ఎక్కడా లేదు. పచ్చకార్డులో ఉంది. పచ్చకార్డు ఇంట్లో, పెట్టెలో, పాత బట్టల అడుగున ఉంది. అప్పుడు గుర్తొచ్చాయి, గట్టు మీద బోర్లించిన రెండు టిఫిన్ బాక్సులు. తన సంచిలోంచి తన బాక్సు తీసిన చెయ్యి ఎవరిది? రోజూ తీసే చెయ్యే.

"చూశావా నువ్వు?" అంది.

"బాక్సులు కడిగేది నేనే కదండీ."

"మరి తీసుకోలేదేం? అడగలేదేం?"

చిన్నకోడలు దుప్పటి అంచు సరిచేసింది.

"పరీక్ష పొద్దుటి దాకా చూశాను, మీరే ఇస్తారేమోనని. మీ మోకాళ్ల సంగతి నాకు తెలీదా? ఒక్క మాట అడిగుంటే నేను పరీక్షకే వెళ్లేదాన్ని కాదు."

కుట్టుపనావిడకి ఇదేమీ అర్థం కాలేదు. దుప్పటి పట్టుకుని పాపం అలా నిలబడి ఉంది. పెద్దకోడలు ఆవిడ చేతుల వైపు చూసింది, చిన్నదాని వైపు చూసింది. పది రోజుల క్లాసులో రాని మాట ఇప్పుడు దానంతట అదే వచ్చింది.

"మే ఐ?" అంది. చాలా చిన్నగా.

చిన్నకోడలి పెదవి ఒక్కసారి కదిలింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అటు కౌంటరు దగ్గర గాజు మీద ఎవరో వేళ్లతో కొడుతున్నారు. కొత్త బ్లాకు నర్సు, చేతిలో స్లిప్పు.

పెద్దకోడలు వెనక్కి నడిచి వెళ్లి కుర్చీలో కూర్చుంది. నర్సు ఆరు దుప్పట్లు తీసుకోవచ్చా అని ఇంగ్లీషులో అడిగింది. "యూ మే," అంది పెద్దకోడలు. అరలోంచి ఆరు తీసింది. ఇచ్చే ముందు ఒకదాని మడత విప్పి చూసింది, ఎక్కడైనా అంచు బయటికి వచ్చిందేమోనని, రావాలనే చూసింది. మూలకి మూల అతికినట్టు కూర్చుంది. మళ్లీ మడవబోయింది గానీ ఒక్కర్తే కావడంతో సరిగ్గా రాలేదు. నర్సు ఫర్వాలేదన్నట్టు తీసుకుని వెళ్లిపోయింది.

"అక్కా."

పెద్దకోడలు గభాల్న లేచి నిలబడింది. మోకాలు కౌంటరుకి కొట్టుకుంది.

"అక్కా, ఇంకాస్త ఇటు రా. మూలలిస్తాను, పట్టుకో," అంటోంది చిన్నకోడలు, కుట్టుపనావిడతో.